విద్యార్థికి ల్యాప్‌టాప్: పరిమిత ధనముతో సరియైన ఎంపిక

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడి, కళాశాలలలో ప్రవేశములు ముగియునాటికి ఉద్యోగుల ఇండ్లలో ఒక క్రొత్త ఖర్చు వచ్చి వాకిట నిలుచుచున్నది. పూర్వము పిల్లవాడు పై చదువునకు పోవునప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక చేతిగడియారము సమకూర్చి రైలెక్కించెడివారు. నేడు ఆ జాబితాలో మొట్టమొదటి వస్తువు ల్యాప్‌టాప్. ట్రంకుపెట్టెను ఎంచుకొనుటకు ఎవరి సలహాయు అక్కరలేదు. రేకు మందముగా నున్నదా, తాళము సరిగా పడుచున్నదా అని చూచిన చాలును. ల్యాప్‌టాప్ అట్టిది కాదు. దాని పెట్టెపై అచ్చువేసిన అక్షరములును, అంకెలును చదివి అర్థము చేసికొనగల తల్లిదండ్రులు కొలదిమందియే. అయినను దానికి చెల్లించు సొమ్ము చిన్నది కాదు. చాల కుటుంబములకు అది ఒకనెల జీతముతో సమానము. ఎంపిక తప్పినచో మరుసటి యేడు మరియొకటి కొనుటకు శక్తి యుండదు. ఆ తప్పు జరుగకుండ చూచుకొనుట యెట్లో చెప్పుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

ఈ యంత్రము సామాన్యుని చేతికి ఎంత త్వరగా వచ్చినదో తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. 1955లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ ఇంగ్లండు నుండి తెప్పించిన హెచ్.ఇ.సి. 2ఎం అనునది మన దేశమునకు వచ్చిన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరు. బొంబాయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థవారు స్వయముగా నిర్మించిన టిఫ్రాక్ 1960లో పనిచేయ నారంభించినది. అవి గదులను నింపిన యంత్రములు. 1981లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఆస్‌బర్న్ 1 చేతితో మోయదగినదని పేరు పొందినది గాని, దాని బరువు సుమారు 11 కిలోలు. మరుసటి యేడు వచ్చిన గ్రిడ్ కంపాస్ నేటి ల్యాప్‌టాప్ వలె మూత తెరచి మూయుటకు వీలైనది. దాని ధర 8,150 డాలర్లు. అట్టి వస్తువు నేడు కిలోన్నర బరువుతో, ఒక విద్యార్థి పుస్తకముల సంచిలో ఇముడుచున్నది. 2020లో పాఠశాలలు మూతబడి చదువు ఇంటికి వచ్చినప్పుడు, ఇంటియందలి ఒక్క ఫోనును ముగ్గురు పంచుకొనవలసిన కుటుంబములకు ఇది విలాసవస్తువు కాదని తెలియవచ్చినది.

ఢిల్లీలో ఒక తెలుగు ఉద్యోగి యింట జరిగిన సంగతి యొకటి ఇక్కడ చెప్పదగియున్నది. ఆయన కుమార్తెకు కోస్తా జిల్లాలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు శాఖయందు సీటు దొరికెను. తండ్రి రెండు ఆదివారములు పది దుకాణములు తిరిగి ధరలు విచారించి, అన్నింటికంటె చవుకగా వచ్చిన ల్యాప్‌టాప్‌ను కొనెను. అది చూచుటకు సొగసుగా నుండెను, తేలికగాను ఉండెను. ఇంటిలో అందరును సంతోషించిరి. సంక్రాంతి సెలవులకు అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు, ఆమె ప్రోగ్రాములను ఒక నోటుపుస్తకములో కలముతో వ్రాసికొని యుండుట తండ్రి చూచెను.

“ల్యాప్‌టాప్ ఉండగా ఈ చేతివ్రాత ఎందుకమ్మా?” అని అడిగెను.

“అది తెరుచుకునేసరికి ల్యాబ్ గంట సగం అయిపోతుంది, నాన్నగారూ. తెల్లవారుజామున లేచి, నా గదిలో అమ్మాయి నిద్రపోతూ ఉండగా ఆమె దాని మీద చేసుకుంటున్నాను. మీరు అంత డబ్బు పెట్టి కొన్నారు కదా అని చెప్పలేదు” అని ఆమె బదులు చెప్పెను.

ఆ యంత్రములో ర్యామ్ 4 జీబీ మాత్రమే. నిలువచేయు స్థలము 64 జీబీ. అదియు ఇఎమ్ఎమ్‌సీ అను నెమ్మదియైన రకము. విండోసు దాని నవీకరణములకే ఆ స్థలమును చాలభాగము ఆక్రమించినది. ర్యామ్ పలకకు అతికింపబడి యుండుటచే పెంచుటకు వీలులేదు. దుకాణదారుడు అబద్ధమాడలేదు; పెట్టెపై వ్రాసియున్నదే చెప్పెను. తండ్రియు అజాగ్రత్తపరుడు కాడు. ఆయన ధరను విచారించెను గాని పనిని విచారింపలేదు.

అదే ఉద్యోగి తన కార్యాలయమునకు ఒక బీరువా కొనవలసి వచ్చినను ఇట్లు చేసియుండడు. 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనలలో 144వది కొనుగోలునకు మూలసూత్రములను చెప్పుచున్నది. వస్తువు యొక్క లక్షణములు కార్యాలయపు అవసరమును తీర్చునట్లుండవలెను. అనావశ్యకమైన హంగులను చేర్చి వ్యయమును పెంచరాదు. ఇది ఆ నిబంధనలోని భావము. అనగా ముందు అవసరము, పిదప లక్షణములు, చివర ధర. తక్కువ ధరకు ఇచ్చువానికే ఆర్డరు పోవుట నిజమే. కాని కోరిన లక్షణములకు సరిపడిన వారిలో తక్కువ ధరవానికి. ఫైలులో ప్రతిదినము పాటించు ఈ క్రమమును ఇంటి కొనుగోలునందు మరచిపోవుచున్నాము. పిల్లల ల్యాప్‌టాప్‌కు కూడ ఒక కాగితము తీసికొని, ముందుగా అవసరమును వ్రాయవలెను.

ఆ కాగితముపై వ్రాయవలసిన మొదటి మాట చదువు పేరు. బి.ఏ., బి.కాం. చదువు విద్యార్థికి వ్రాత, లెక్కల పట్టికలు, ఉపన్యాసముల వీడియోలు, తరగతి ప్రదర్శనలు చాలును. వీనికి ఖరీదైన యంత్రము అక్కరలేదు. కామర్సు విద్యార్థి ట్యాలీ నేర్చుకొనవలసి యున్నచో విండోసు గల యంత్రమును కొనుట మేలు. కంప్యూటరు శాఖ విద్యార్థికి మొదటి యేట సి, పైథాన్ వంటి భాషలకు సాధారణ యంత్రము చాలును గాని, మూడవ యేట ఆండ్రాయిడ్ స్టూడియో వంటి పనిముట్లు 16 జీబీ ర్యామ్ ఉన్ననే సుఖముగా నడచును. సివిల్, మెకానికల్ విద్యార్థులకు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ కావలసియుండును. వీనిలో సాలిడ్‌వర్క్స్ విండోసు కొరకే చేయబడినది. ఆపిల్ యంత్రము కొని, పిదప ఈ సంగతి తెలిసికొని చింతించుట మంచిది కాదు. కృత్రిమ మేధకు సంబంధించిన పాఠములు చదువువారు పెద్ద గ్రాఫిక్స్ కార్డు లేనిదే పని జరుగదని భయపడనక్కరలేదు. గూగుల్ కోల్యాబ్ వంటి సేవలలో విద్యార్థి అభ్యాసమునకు చాలినంత శక్తి ఇంటర్నెటు ద్వారా ఉచితముగా లభించును.

రెండవ మాట కాలము. ఇంజనీరింగు 4 సంవత్సరములు, డిగ్రీ 3 లేక 4 సంవత్సరములు. మొదటి యేటి పనికి మాత్రమే సరిపోవు యంత్రము చివరి యేట భారమగును. మూడవ మాట స్థలము. విద్యార్థి ఇంటినుండి పోయివచ్చునా, వసతిగృహములో నుండునా, ప్రతిదినము బస్సులో సంచి మోయునా? ఇవి తెలిసినచో బరువు, బ్యాటరీ ఎంత ముఖ్యమో తేలును. ఈ మూడును వ్రాసిన పిమ్మటనే దుకాణమునకు పోవలెను.

ఇక లక్షణములు. ర్యామ్ అనునది పనిచేయు బల్ల వంటిది. బల్ల చిన్నదైనచో ఒక కాగితము పరచుటకు మరియొక దానిని తీయవలసి వచ్చును. నేటి స్థితిలో 8 జీబీకి తక్కువది కొనరాదు. వీలైనచో 16 జీబీ కొనవలెను. 8 జీబీతో కొనవలసి వచ్చినచో, తరువాత పెంచుటకు లోపల ఖాళీ స్లాటు ఉన్నదా, లేక ర్యామ్ అతికింపబడినదా అని తప్పక అడుగవలెను. ఈ ఒక్క ప్రశ్న నాలుగేండ్ల చదువును కాపాడును. 2025 చివరి నెలలనుండి మెమొరీ చిప్పుల ధరలు లోకమంతట పెరిగినవి; అందుచేత చాలినంత ర్యామ్ లేని యంత్రమును చవుకగా నమ్ముటకు అంగడివారు మొగ్గుదురు. ఆ చవుకదనమును చూచి మోసపోరాదు.

నిలువచేయు స్థలము ఎస్ఎస్‌డీ అయియుండవలెను. తిరుగుడు పళ్ళెము గల పాత హార్డ్‌డిస్కు ఒక్కటే ఉన్న యంత్రము, ప్రాసెసరు ఎంత గొప్పదైనను, నత్తనడక నడచును. 512 జీబీ ఎస్ఎస్‌డీ విద్యార్థికి ఉచితమైన కొలత. 256 జీబీతోను జాగ్రత్తగా నెగ్గుకొనిరావచ్చును.

ప్రాసెసరు విషయమున పేరుచూచి భ్రమపడుట ఎక్కువ. ఐ5 అనగానే ఐ3 కంటె గొప్పదని తలంతురు. కాని 2016లో వచ్చిన ఐ5-7200యూ అను దానియందు రెండు కోర్లు మాత్రమే కలవు. 2022లో వచ్చిన ఐ3-1215యూ అను దానియందు ఆరు కోర్లు కలవు. పేరు ముందునున్న 3, 5, 7 అను అంకెకంటె దాని వెనుకనున్న అంకెలు తరమును తెలుపును. ఏఎమ్‌డీ వారి 7000 వరుసలో మరియొక చిక్కు కలదు. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అను రెండింటి పేర్లలో ఒక్క అంకెయే భేదము. మొదటిది నాలుగు కోర్లది, పాత జెన్ 2 నిర్మాణము గలది. రెండవది ఆరు కోర్లది, జెన్ 3 నిర్మాణము గలది. ఆ వరుసలో మూడవ అంకె నిర్మాణమును తెలుపునది కనుక దానిని చూడవలెను. మొదటి దానితో వచ్చు ర్యామ్ అతికింపబడి యుండును. కనుక దానిని 8 జీబీతో కొన్నవారు ఎప్పటికిని 8 జీబీతోనే సరిపెట్టుకొనవలెను. పేరు చివరనున్న ‘యూ’ అను అక్షరము విద్యుత్తును పొదుపుగా వాడు రకమును, ‘హెచ్’ అను అక్షరము శక్తి యెక్కువయై బ్యాటరీని త్వరగా త్రాగు రకమును సూచించును. చదువుకొను పిల్లలలో అధికులకు ‘యూ’ రకము చాలును.

తెరను చాలమంది విచారింపరు. నాలుగేండ్లు కండ్లు దానిపైననే నిలుచునని గుర్తుంచుకొనవలెను. 1920 × 1080 చుక్కల తెర, ఐపీఎస్ రకము, మంచి ఎంపిక. 1366 × 768 తెరలు ఇంకను చవుక యంత్రములలోను, పాత యంత్రములలోను కానవచ్చును. వానిపై రెండు పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట కష్టము. దుకాణములో తెరను ప్రక్కనుండి చూచి, రంగులు వెలిసిపోవుచున్నవేమో పరీక్షింపవలెను. బ్యాటరీ సామర్థ్యమును వాట్-అవర్లలో చూడవలెను. 42 వాట్-అవర్ల బ్యాటరీ గల యంత్రము సగటున 7 వాట్లు వాడినచో 6 గంటలు వచ్చును. 14 వాట్లు వాడినచో 3 గంటలే. కంపెనీవారు చెప్పు గంటలకంటె ఈ లెక్క నమ్మదగినది. ఆటల కొరకు చేసిన యంత్రములు రెండు కిలోలు దాటి తూగును, వాని చార్జర్లును బరువే. పిల్లలు వానిని కోరుటకు కారణము చదువేనా అని అడిగి తెలిసికొనుట తల్లిదండ్రుల విధి.

క్రొత్తది కొనుటకు ధనము చాలనప్పుడు వాడిన యంత్రమును గూర్చి ఆలోచించుట చిన్నతనము కాదు. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చిన ల్యాప్‌టాప్‌లను కొన్ని సంవత్సరములకు మార్చివేయును. థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వరుసలవి గట్టి నిర్మాణము గలవి. వానిలో అనేకములకు ర్యామ్‌ను, ఎస్ఎస్‌డీని మార్చుకొనుటకు వీలున్నది. అవి బాగుచేయబడి, ఢిల్లీలో నెహ్రూప్లేస్ యందును, సికింద్రాబాదులో చినాయ్ ట్రేడ్ సెంటర్ యందును అమ్మకమునకు వచ్చుచున్నవి. ఇక్కడ ఒక్క నియమము ముఖ్యము. విండోసు 10నకు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోసు 11 కొలది మినహాయింపులతో ఇంటెల్ 8వ తరము మొదలుకొని గల ప్రాసెసర్లనే అంగీకరించును. కనుక అంతకంటె పాతదానిని, ఎంత మెరుగుపెట్టి చూపినను, కొనరాదు. బ్యాటరీ ఎంత అరిగినదో విండోసు తానే నివేదిక తయారుచేసి చూపును. మొదట చేసిన సామర్థ్యము, నేడు మిగిలిన సామర్థ్యము రెండును అందులో నుండును. అమ్మువాని యెదుటనే దానిని తీయించి చూడవలెను. కీబోర్డుపై ప్రతి మీటను నొక్కి, కెమెరాను, మైకును, యూఎస్‌బీ రంధ్రములను పరీక్షించి, కనీసము కొన్ని నెలల హామీ వ్రాతమూలకముగా తీసికొనవలెను.

ఇప్పుడు ధర. ల్యాప్‌టాప్‌పై వస్తుసేవల పన్ను 18 శాతము. 45,000 రూపాయలు చెల్లించినచో అందు పన్ను 6,864 రూపాయలు. పన్ను లేకుండ, బిల్లు లేకుండ ఇచ్చెదనను దుకాణదారుడు ఈ మొత్తమునే ఎరగా చూపును. బిల్లు లేని యంత్రమునకు హామీ లేదు, ఫిర్యాదునకు ఆధారము లేదు. ఆరువేలు మిగిల్చి నలుబదివేలకు రక్షణను పోగొట్టుకొనుట లాభము కాదు.

‘వడ్డీలేని వాయిదాలు’ అను ప్రకటనలు నేడు ప్రతి చోట కానవచ్చుచున్నవి. వడ్డీలేని అప్పు అనునది లేదని, అది వేరొక రూపమున వసూలగుచున్నదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించినది. ఒకే యంత్రమును రొక్కమునకు 43,000 రూపాయలకును, నెలకు 5,000 చొప్పున 9 వాయిదాలకును ఇచ్చెదరనుకొందము. వాయిదాల మొత్తము 45,000. ఆ 2,000 రూపాయల భేదమే వడ్డీ. దానికి తోడు దరఖాస్తు రుసుమును, దానిపై పన్నును ఉండవచ్చును. వాయిదాలలో కొనుట తప్పని కాదు; ఎంత వడ్డీ చెల్లించుచున్నారో తెలిసి చెల్లింపవలెనని మాత్రమే.

కేంద్రప్రభుత్వ ఉద్యోగులకు మరియొక మార్గము కలదు. ఏడవ వేతన సంఘము అనేకమైన అడ్వాన్సులను రద్దుచేయుమని చెప్పినను, వ్యక్తిగత కంప్యూటరు కొనుటకు వడ్డీతో కూడిన అడ్వాన్సును నిలిపినది. 2016 నాటి ఉత్తర్వు ప్రకారము దాని మొత్తము 50,000 రూపాయలు, లేక కంప్యూటరు యొక్క అసలు ధర. ఈ రెంటిలో ఏది తక్కువయో అది. ఉద్యోగకాలమంతటిలో ఐదు పర్యాయములు దీనిని పొందవచ్చును. క్రెడిట్‌కార్డుపై పరుగెత్తుటకు ముందు తమ కార్యాలయపు క్యాష్ సెక్షనులో వడ్డీరేటును, దరఖాస్తు పద్ధతిని విచారించుట మంచిది. పిల్లలకు విద్యా ఋణము తీసికొనుచున్నవారు, చదువునకు అవసరమైన కంప్యూటరు ధరను కూడ అందు చేర్చుకొనుటకు బ్యాంకుల నమూనా పథకము వీలు కల్పించుచున్నదని తెలిసికొనవలెను. కాని ఆ సొమ్మును చదువు ముగిసిన పిదప తీర్చునది పిల్లవాడే గనుక, అక్కడను పొదుపు అవసరము.

యంత్రమును చేతికి తీసికొనునప్పుడు చేయవలసిన పనులు కొన్ని కలవు. పెట్టె సీలు విప్పకుండ ఉన్నదా చూడవలెను. పెట్టెపైని సీరియల్ నంబరు, యంత్రము క్రిందనున్న నంబరు, బిల్లుపై వ్రాసిన నంబరు మూడును ఒకటిగా నుండవలెను. ఆ నంబరును కంపెనీవారి వెబ్‌సైటులో ఇచ్చి, హామీ ఏ తేదీనుండి లెక్కింపబడుచున్నదో చూడవలెను. అంగడిలో ఆరునెలలు పడియున్న యంత్రమునకు హామీ ముందే మొదలైయుండవచ్చును, అట్లైనచో బిల్లు చూపి సరిచేయించుకొనవలెను. మరమ్మతునకు మనిషి ఇంటికి వచ్చునా, యంత్రమును మనమే మోసికొని పోవలెనా, విద్యార్థి చదువు ఊరిలో ఆ కంపెనీ సేవాకేంద్రము ఉన్నదా అని అడుగవలెను. ఢిల్లీలో కొన్న యంత్రము చదువుకొనునది కాకినాడలోనో, వరంగల్లులోనో గదా. ఇంటర్నెటు ద్వారా తెప్పించుకొన్నచో, పెట్టెను విప్పుచుండగా ఫోనుతో వీడియో తీసియుంచుట మంచి అలవాటు.

లోపము గల వస్తువు వచ్చి, అమ్మినవారు పట్టించుకొననప్పుడు నిరాశపడనక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమును 1915 అను నంబరుపై పిలువవచ్చును. అప్పటికిని పని జరుగనిచో జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయలలోపు విలువ గల వస్తువులపై ఫిర్యాదునకు రుసుము లేదు. ఉద్యోగి నివసించు ఊరిలోనే ఫిర్యాదు చేయుటకును ఆ చట్టము అవకాశమిచ్చినది. ఇందుకన్నింటికి బిల్లే ఆధారము.

యంత్రము కొన్న పిదప సాఫ్ట్‌వేరు కొరకు మరల డబ్బు పోయనక్కరలేదు. వ్రాతకు, లెక్కలకు లిబ్రే ఆఫీసు ఉచితము. ఆఫీసు సాఫ్ట్‌వేరును అనేక కళాశాలలు విద్యార్థుల ఇ-మెయిలు ద్వారా ఉచితముగా ఇచ్చుచున్నవి. చేరిన వెంటనే అడుగవలెను. విండోసు లేకుండ అమ్ము యంత్రముల ధర తక్కువగా నుండును. ఉబుంటు వంటి లినక్సు వాడుటకు అలవాటుపడిన పిల్లలకు అది మంచిదే. అలవాటులేని వారు తరువాత విండోసు విడిగా కొనవలసి వచ్చి, మిగిల్చిన దానికంటె ఎక్కువ వ్యయము చేయుదురు. స్వయం, ఎన్‌పీటీఈఎల్ పాఠములు ఇంటినుండి వినుటకు రుసుము లేదు. మరియొక మాట తెలుగువారికి ప్రత్యేకము. తెలుగులిపి 2001 నాటి విండోసు ఎక్స్‌పీ నుండియే, గౌతమి అను ఫాంటుతో సహా, విండోసులో లోపలనే ఉన్నది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును సెట్టింగులలో ఎంచుకొన్న చాలును. ఢిల్లీలో పుట్టి హిందీ, ఇంగ్లీషులతో పెరిగిన పిల్లలు క్రొత్త ల్యాప్‌టాప్‌పై మొదటి ఉత్తరమును ఊరిలోనున్న అమ్మమ్మకు తెలుగులో వ్రాసినచో, ఆ మీటల స్థానములు వారము రోజులలో చేతికి వచ్చును.

సంక్రాంతికి ఇంటికి వచ్చిన ఆ అమ్మాయి కథ మిగిలియున్నది. తండ్రి ఈసారి ముందుగా కాగితము తీసికొనెను. ఏయే పాఠములున్నవి, ఏయే సాఫ్ట్‌వేర్లు వాడుదురు, గదిలో కరెంటు ఎన్ని గంటలుండును అని కూతురినే అడిగి వ్రాసికొనెను. ఆ కాగితముతో ఇద్దరును కలసి బజారునకు పోయిరి. క్రొత్త యంత్రము కొనుటకు సొమ్ము లేకపోయెను. ఒక కంపెనీ వాడి విడిచిన, 10వ తరము ప్రాసెసరు గల యంత్రమును ఎంచి, అందు ర్యామ్‌ను 16 జీబీకి పెంపించి, బ్యాటరీ నివేదికను చూచి, బిల్లుతోను హామీతోను తీసికొనిరి. దాని ధర మొదట కొన్న క్రొత్త యంత్రపు ధరకంటె కొంచెము తక్కువయే. మూతపై ఒక గీత యున్నది. అమ్మాయి దానిని లెక్కచేయలేదు. సొగసైన మొదటి యంత్రము ఇప్పుడు తల్లి భక్తిపాటలు వినుటకును, రైలు టిక్కెట్లు తీయుటకును ఉపయోగపడుచున్నది. ఆ పనికి అది చక్కగా చాలును.

ఈ కథలో డబ్బు నష్టము ఒక యంత్రము ధర మాత్రమే. అంతకంటె పెద్ద నష్టము, తండ్రి బాధపడునని ఆ అమ్మాయి తన ఇబ్బందిని నెలలకొలది దాచుకొనుట. ఉద్యోగుల పిల్లలకు తల్లిదండ్రుల జీతమెంతయో తెలియును. అందుచే చాలమంది నోరు విప్పరు. కనుక కొనుటకు ముందు పిల్లలతో కూర్చుండి అవసరమును వ్రాసికొనుట ఒక పని; కొన్న మూడు నెలలకు, “అది నీ పనికి సరిపోతున్నదా?” అని అడుగుట రెండవ పని. మొదటిది ధనమును కాపాడును, రెండవది చదువును కాపాడును. ఈ సంవత్సరము పిల్లలను కళాశాలకు పంపు సభ్యులందరు ఆ రెండు పనులను మరువకుందురు గాక.